పక్కింటి గిన్నె, అర్జెంటీనా వైన్

దోహాలోని ఉమ్ ఘువైలినా పేటలో మా ఫ్లాటుకు ఎదురు తలుపు నిజామాబాద్ అక్కది. ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో నేను జ్వరంతో పడుకుంటే, మూడు పూటలా జావ కాచి పెట్టింది ఆవిడే. అప్పటి నుంచి మా రెండు వంటిళ్ళ మధ్య గిన్నెలు తిరుగుతూనే ఉండేవి. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదన్న పట్టింపు వాళ్ళకూ ఉంది, మాకూ ఉంది.

మావారికి కంపెనీ ద్వారా మందు కొనే పర్మిట్ వచ్చిన సంగతి ఆవిడకు తెలుసు. ఆయన సీసాల సంచి మోసుకొస్తుంటే లిఫ్టులో ఎదురైంది. మర్నాడు మా గుమ్మంలో నిలబడి అంది.

“మీరు తాగుతరో తాగరో నాకెందుకు చెల్లె. నా గిన్నెల్లకు రాకుంటె సాలు. ఎవ్వరింట్ల తినాలన్నా హలాలేనా అని పదిసార్లు అడుగుత. నీ ఇంట్ల అడగ.”

“ఒట్టు అక్కా,” అన్నాను నవ్వుతూ. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ సీసాలు అర్జెంటీనావి, మాల్బెక్ అనే ఎర్ర వైన్. ఏ వంటతో తాగాలో మావారు పరీక్షకు చదివినట్టు చదివారు. చేపల పులుసుతో తాగితే నోట్లో తుప్పు రుచి. గోంగూర పులుపు ముందు ఉత్త నీళ్ళు. మా గుంటూరు కారంతో అయితే గొంతు భగ్గున మండింది. చివరికి తేలిందేమిటంటే, కారం తగ్గించి మిరియాలు వేసి, కొవ్వున్న మటన్‌ను సన్నని సెగ మీద ఉడికిస్తే దానికీ దీనికీ చక్కగా కుదురుతుంది. పుట్టగొడుగుల వేపుడూ పరవాలేదు. నాకు మందు రుచి పట్టలేదు గానీ ఈ జతలు కుదిర్చే పిచ్చి పట్టింది. కూరలోనే ఒక గ్లాసు పోస్తే ఇంకా బాగుంటుందని ఎక్కడో విన్నాను.

ఒక శుక్రవారం పోశాను. తిన్నాక చెప్దామని మావారికి చెప్పలేదు. కూర నల్లటి ఎరుపుకు తిరిగింది. బయట దుమ్ముగాలి కిటికీలను కొడుతోంది. ఎందుకో మనసు కీడు శంకించింది. స్టవ్ కట్టేశానా లేదా అని రెండుసార్లు చూసుకుని స్నానానికి వెళ్ళాను.

వచ్చేసరికి గట్టు మీద, ముందురోజు అక్క ఖీమా పంపిన స్టీలు గిన్నె లేదు.

“గిన్నె ఏదండీ?”

“వాళ్ళాయన నమాజు నుంచి వచ్చినట్టున్నాడు. వేడివేడిగా తింటారని కూర వేసి ఇచ్చొచ్చా. ఇంట్లో ఏ పనీ చెయ్యనని సాధిస్తావుగా!”

కూరలో ఏం పోశానో చెప్పాను. ఆయన గొంతు తగ్గించారు.

“నోరు మెదపకు. వాళ్ళు కంప్లయింట్ ఇస్తే నా ఉద్యోగం, మన వీసాలు అన్నీ పోతాయి. అయినా ఉడికిపోయాక ఏం తెలుస్తుంది?”

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక నిమిషం నేనూ ఆ మాటే పట్టుకుని నిలబడ్డాను. తర్వాత తడి జుట్టుతోనే పరిగెత్తాను.

అక్క తలుపు తీసింది. హాల్లో నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి వాళ్ళాయన, ముసలి అత్తగారు భోజనానికి కూర్చున్నారు. నడుమ ఆ గిన్నె. అత్తగారు ముక్క నములుతూ నా వంక చూసి, “మస్తుంది బిడ్డా,” అంది.

అక్కను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి చెప్పేశాను. అరిస్తే బాగుండేది. నా చెయ్యి విడిపించుకుంది. హాల్లోకి వెళ్ళి గిన్నె ఎత్తేసింది.

“అమ్మీ, ఇది తినకుండ్రి. మాంసం ఖరాబైందట. చెల్లె చెప్పనీకి ఉరికొచ్చింది.”

అప్పుడే నమాజు చేసి లేచిన మనిషి నా కోసం అబద్ధమాడింది. అత్తగారు తిన్న ముక్క మాత్రం అప్పటికే గొంతు దిగిపోయింది.

సాయంత్రం దాకా లిఫ్టు ఆగిన ప్రతిసారీ నేనూ మావారూ తలుపు వైపు చూశాం. అయిదింటికి బెల్ మోగింది. ఎదురుగా అక్క, చేతిలో ఆ గిన్నె. తోమి, తుడిచి తెచ్చింది. దాని అంచున వాళ్ళమ్మ పేరు చెక్కి ఉంటుంది. పెళ్ళికి పెట్టిన సామాన్లలోదట.

“ఇగ ఇది నీ కాడనే ఉండనీ,” అని నా చేతుల్లో పెట్టింది. లోపల ఏమీ లేదు.

వెనక్కి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళలో పగటిపూట ఆ తలుపుకు గడియ పడటం నేనెప్పుడూ వినలేదు.