రెండు బావుల చుట్టల బండ

నా చిన్నప్పుడు, డెబ్బైలలో, ఆళ్లగడ్డ దగ్గరి మా ఊళ్లో మా పెరట్లో బట్టలుతికే బండ ఒకటి ఉండేది. మా తాతయ్య బావి తవ్వించినప్పుడు బయటపడిన రాయి అది. అడ్డంగా కోసిన ఉల్లిగడ్డలాగా దాని నిండా గుండ్రటి చుట్టలు. తాతయ్య పోయాక మా అవ్వకు ఆ బండంటే ప్రాణం. పిల్లలం దాని మీద కాలు పెడితే ఊరుకునేది కాదు.

ఒక వేసవిలో మేమంతా బంధువుల పెళ్లికి పోయి వచ్చేసరికి బండ లేదు. గోడ పక్కన బండి చక్రాల జాడలు మాత్రం ఉన్నాయి. అవ్వ ఊళ్లో ఎవరినీ వదలకుండా అనుమానించింది. పాలు పోసే ఆమెను, పక్క చేను వాళ్లను, ఆఖరికి మా నాయనను కూడా.

ఆ నెలలోనే కొలిమిగుండ్ల దగ్గర ఉండే మా మేనత్త ఇంటికి వెళ్లాం. పశువుల తొట్టి పక్కన అచ్చం అదే బండ! అవే చుట్టలు, అదే బూడిదరంగు. అవ్వ ముఖం మాడిపోయింది.

"మా బండ ఈడికెట్లొచ్చిందే?"

"మీ బండేందిమ్మా? మా బాయి లోతు చేస్తాంటే దొరికింది ఇది," అంది అత్త.

అవ్వ నమ్మలేదు. మామకు ఎద్దులబండి ఉంది. ఆ పెళ్లికి ఆయన రాలేదు. ఇంకేం కావాలి? నన్ను లాక్కుని తిరుగు బస్సెక్కింది. ఆ తర్వాత తల్లీకూతుళ్ల మధ్య మాటల్లేవు. అనుమానం ఇంట్లో ఒకరితో ఆగదు. అత్త ప్రేమగా ఇచ్చిన గాజులు చూసుకున్నా, ఇవి ఎక్కడివో అనిపించేది నాకు.

పక్కింటి అక్క నంద్యాల కాలేజీలో రాళ్ల గురించి పాఠాలు చెప్పేది. సెలవులకు వచ్చి సుత్తి పట్టుకుని వంకల వెంట తిరుగుతుంటే, వజ్రాలకేనని ఊరంతా గుసగుసలాడేది. మా సంగతి విని ఆమె తాతయ్య తవ్వించిన మెట్ల బావిలోకి దిగింది. ఒకప్పుడు ఇదంతా సముద్రమనీ, దాని అడుగున పాచి పొర మీద పొరగా పేరుకుని రాయైందనీ, ఆ చుట్టలు అవేననీ చెప్పింది.

"తాగను నీళ్లు లేవు, సముద్రమంట!" అంది అవ్వ.

అక్క నవ్వి బావి గోడ చూపించింది. చుట్టల రాయికి పైన ఆకుపచ్చ రాయి, కింద బెత్తెడు ఎర్ర పొర. అది బాగా గుర్తుపెట్టుకోమని చెప్పి, మర్నాడు మమ్మల్ని అత్త ఊరికి తీసుకెళ్లింది.

అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏమి, ఇల్లు సోదా చేసేకొచ్చినారా?"

బావి చూస్తే చాలంది అక్క. అదీ మెట్ల బావే. అవ్వ నా భుజం పట్టుకుని దిగింది. సగంలో అక్క ఆపింది.

"చుట్టల రాయి కింద ఏముండాలవ్వా?"

"ఎర్రది."

"పైన?"

"పచ్చది."

ఇంకా కిందికి దిగి చూశాం. రాయి పెకలించిన చోట గోడలో గుంత. దాని పక్కన మిగిలిన రాతిలో అవే చుట్టలు. పైన పచ్చది, కింద ఎర్రది. అవ్వ దాని మీద అరచెయ్యి పెట్టి చుట్టలు తడిమింది. ఒక్క చుట్టలే కలిస్తే ఏమీ చెప్పలేమనీ, పైనా కిందా ఉన్నవి కూడా అదే వరుసలో ఉన్నాయి కాబట్టి ఒకే సముద్రపు పొర రెండు ఊళ్ల కిందా ఉందనీ అక్క చెప్పింది. అత్త రాయి అత్త బావిలోదే.

అవ్వ తప్పయిందని అనలేదు. అలాంటి మాటలు మా ఇళ్లలో ఎవరూ అనరు. పైకి వచ్చి, "ఆకలైతాంది, సంగటి పెట్టే," అంది. అత్త కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

మా బండ మాత్రం దొరకలేదు. ఊళ్లో ఒకాయన మీద నాకు చాలాకాలం అనుమానం ఉండేది. మా ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు తల దించుకునేవాడు. ఆయన పోయి కూడా ఏళ్లయింది. తల దించుకున్నాడన్న ఒక్క ఆనవాలుతో మనిషిని దొంగ అనడానికి నాకు నోరు రాలేదు, ఇప్పటికీ ఎవరి విషయంలోనూ రాదు.