కుడికాలు దించి ఆగేవాడు

మా తమ్ముడు పోయాడు. పోయిన నెల, న్యుమోనియాతో, నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలోనే, మధ్యాహ్నం డ్యూటీలు మారే వేళ. సైకిలు మీద పోలేదు. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే ఫోను చేసినవాళ్ళలో చాలామంది పలకరింపు కూడా పూర్తికాకుండా అదే అడిగారు. "సైకిలు మీదేనా, అమ్మా? కాళ్ళు దానికి బిగించుకునేవాడు కదా?" బిగించుకునేవాడు. కానీ పోయింది మంచం మీద, ఊపిరి అందక. ఆ చావుతో సైకిలుకు ఏ సంబంధమూ లేదు.

వాడికి రెండేళ్ళప్పుడు పోలియో వచ్చింది. ఎడమకాలు సన్నబడిపోయింది, పాదం వాలిపోయింది. చేత్తో తొడను నొక్కి పట్టుకుని నడిచేవాడు. మా ఇంట్లో నేను పెద్దదాన్ని, వాడు ఆఖరివాడు. నాకు ఢిల్లీలో ఉద్యోగం వచ్చాక, పరీక్షలకు చదువుతానని వెనకే వచ్చి కటవారియా సరాయ్‌లో నా పక్క గదిలో దిగాడు. సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. పెళ్ళి చేసుకున్నాడు. ఆ పేట మాత్రం వదల్లేదు.

ఇక్కడి మా తెలుగు చర్చిలో విన్నపాల పెట్టె ఒకటుంది. చీటీ రాసి అందులో వేస్తే, ఆరాధన చివర పాస్టరు గారు పేరుపేరునా చదివి ప్రార్థన చేస్తారు. ఏళ్ళ తరబడి నేను వేసింది ఒకటే చీటీ. 'మా తమ్ముడి ఎడమకాలి స్వస్థత కొరకు.' వాడు మూడో వరసలో కూర్చుని ప్రతి ఆదివారం వినేవాడు. అందరూ తలలు వంచుకుని కళ్ళు మూసుకునేవారు. వినేవాడికి ఎలా ఉంటుందో నాకు తట్టనే లేదు. ప్రార్థనే కదా, చెడు ఏముంది అనుకున్నాను.

వాడి నలభై రెండో ఏట ఒక ఆదివారం, చర్చి మెట్లు దిగుతూ, "అక్కా, సైకిలు కొంటున్నా. నాతో షాపుకి రా" అన్నాడు.

మామూలు పెడల్ మీద వాడి ఎడమ పాదం నిలవదు. రెండు చుట్లు తిరిగేసరికి జారిపోతుంది. ఖాళీ పెడల్ వెనకనుంచి వచ్చి పిక్కను కొడుతుంది. అందుకని క్లిప్‌లెస్ పెడల్ కావాలన్నాడు. ఆ పేరెందుకు పెట్టారో గానీ, అది బూటును పట్టుకునే పెడల్. బూటు అడుగున క్లీటు అనే చిన్న ముక్క ఉంటుంది. పెడల్ మీద పెట్టి నొక్కితే టక్కున అతుక్కుంటుంది. మడమను బయటికి తిప్పితే ఊడుతుంది.

షాపతను వాడి కాలు చూసి మొహమాటపడ్డాడు. "సర్, ఆప్ రహనే దీజియే. యే తో రేసర్ లోగ్ లేతే హైఁ."

రేసర్లు కొనుక్కునేవి నీకెందుకని. తమ్ముడు కౌంటరు మీద చెయ్యి ఆన్చి హిందీలోనే నెమ్మదిగా అన్నాడు, "భయ్యా, రేసరు పాదం దానంతటదే నిలుస్తుంది. నాది నిలవదు. ఇప్పుడు చెప్పు, ఇది ఎవరికి కావాలి?"

అతను నవ్వి పెట్టెలు దించాడు. పెద్ద ప్లాస్టిక్ క్లీటుది చూపించాడు, పోటీలవాళ్ళు వాడేది. అది బూటు కిందికి పొడుచుకొచ్చి ఉంది. తమ్ముడు తలూపలేదు. చిన్న ఇనుప క్లీటుది తీసుకున్నాడు. అది అడుగులోకి దిగి ఉంటుంది. "నేను దీంతో ఆఫీసు మెట్లు కూడా ఎక్కాలక్కా" అన్నాడు. పెడల్ రెండు వైపులా పట్టేది అడిగాడు, కిందికి చూసుకోకుండా తొక్కొచ్చని. పట్టు వదులు చేసే స్క్రూ ఉందా అని అడిగి, ఉన్నదాన్నే కొన్నాడు. ఒక పూటంతా పట్టింది. నా పెళ్ళి చీర కొనడానికి కూడా మా వాళ్ళు అంతసేపు కూర్చోలేదు.

మడమ బయటికి తిప్పడం వాడి ఎడమకాలికి చేతకాదు. ఈ సంగతి నాకు ఇంటికొచ్చాక తట్టింది. "మరి ఆ కాలెలా తీస్తావురా?"

"కుడికాలు ముందు తీసి నేలమీద పెడతా. ఆ తర్వాత వంగి, ఎడమ మడమను చేత్తో తోస్తా."

"మనం రోడ్డుకి ఎడమవైపు కదరా వెళ్ళేది. కుడికాలు దించితే కార్లవైపు ఒరుగుతావు."

"రోడ్డు వేసినవాళ్ళు అందరికీ ఎడమకాలు ఉందనుకుని వేశారు. నన్నేం చెయ్యమంటావు?"

పార్కులో గడ్డి మీద నేర్చుకున్నాడు. ఈ పెడల్‌తో పరుగులో ఎవరూ పడరు, ఆగినచోటే పడతారు. కాలు తియ్యడం గుర్తొచ్చేసరికి సైకిలు ఒరిగిపోతుంది. వాడూ పడ్డాడు, చాలాసార్లు. వాకింగుకొచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆగి, "అరే భాయీసాబ్, ఇస్ ఉమర్ మేఁ?" అన్నాడు, ఈ వయసులో ఎందుకయ్యా అన్నట్టు.

వాడు కింద పడుకునే జవాబిచ్చాడు. "ఉమర్ నహీఁ అంకుల్, స్ప్రింగ్ టైట్ హై."

అక్కడే కూర్చుని, జేబులోంచి చిన్న పానా తీసి, స్ప్రింగు వదులు చేసుకుని మళ్ళీ ఎక్కాడు. మరదలు పార్కు గేటు దగ్గర నిలబడి పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ ఆదివారం రెండు చీటీలు వేశాను. రెండోది వాడు సైకిలు మానాలని.

పాస్టరు గారు రెండూ చదివారు. బయటికొచ్చాక తమ్ముడు నా ఎదురుగా నిలబడ్డాడు.

"అక్కా, నా కాలిని ఆ పెట్టెలోంచి తీసెయ్యి."

"ప్రార్థన చేస్తే తప్పేంట్రా?"

"నేను నలభై ఏళ్ళుగా ఈ కాలితో ఉన్నా. మీరంతా ప్రతి వారం అది మారితేగానీ నేను మనిషిని కానన్నట్టు కళ్ళు మూసుకుంటున్నారు. ప్రార్థించాలనుంటే కార్లవాళ్ళకోసం ప్రార్థించు. వాళ్ళ కళ్ళు తెరవమను."

అంత గట్టిగా వాడు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. వారమంతా మోకాళ్ళ మీద ఉన్నాను. వాడికోసం చేసిన ప్రార్థనల్లో వాడినెప్పుడూ అడగలేదని ఆ వారంలోనే తెలిసింది. తర్వాతి ఆదివారం చీటీ మార్చి రాశాను. పాస్టరు గారు కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చూసి చదివారు. "ఢిల్లీలో కార్లు నడుపువారి కన్నులు తెరువబడుట కొరకు." మూడో వరసలోంచి "ఆమెన్" అని పెద్దగా వినబడింది. అందరూ అటు తిరిగారు.

ఏడేళ్ళు తొక్కాడు. కటవారియా సరాయ్ నుంచి ఆర్.కె.పురం ఆఫీసుకి, ఎండలోనూ మంచులోనూ. ఆఫీసులో ఇంకెవరైనా ఆ పెడల్ కొనుక్కుంటే వెళ్ళి నేర్పేవాడు. "ఆగాలనుకున్న చోటికి పది గజాల ముందే కాలు విడిపించుకో. బ్రేకు ఆ తర్వాత" అని చెప్పేవాడు. క్లీటు అరిగితే వారం ఆగకుండా మార్చేవాడు. అరిగిన క్లీటు చెప్పాపెట్టకుండా వదిలేస్తుందనేవాడు.

పోయిన ఆదివారం చర్చిలో వాడి ఆదరణ కూటం జరిగింది. పాస్టరు గారు మంచివారు, ప్రేమతోనే మాట్లాడారు. "ఇన్నాళ్ళూ కుంటికాలితో కష్టపడిన మన సహోదరుడు ఈ రోజు పరలోకంలో రెండు మంచి కాళ్ళతో పరుగెత్తుతున్నాడు" అన్నారు. వెనకనుంచి ఎవరో "పాపం" అన్నారు.

నేను లేచాను. "అయ్యగారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి."

"దుఃఖంలో ఉన్నావమ్మా. కూర్చో."

"దుఃఖమూ ఉందండీ. కానీ ఇప్పుడు లేచింది కోపంతో. ప్రార్థన చేసుకునే లేచాను."

మరదలు వచ్చి నా పక్కన నిలబడింది. నాకు ఎక్కువ మాటలు రావు. నేను చూసిందొకటి చెప్పి కూర్చుంటానన్నాను. చెప్పాను. ఇక్కడా అదే రాస్తున్నాను.

ఒక పొద్దున డ్యూటీకి బస్సులో వెళ్తున్నాను. ఆర్.కె.పురం సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. కిటికీలోంచి చూస్తే, అన్ని బండ్లకూ ముందు మా తమ్ముడు. కుడికాలు నేలమీద, ఎడమకాలు పెడల్‌లో, నడుము నిటారుగా. వెనక కారాయన హారన్ మీద చెయ్యి తియ్యకుండా, కిటికీలోంచి తల బయటపెట్టి, పక్కకు తప్పుకోమని అరుస్తున్నాడు. వాడు తిరిగి చూడలేదు. చెయ్యెత్తి ఎర్రదీపాన్ని చూపించాడు, అంతే. ఆ చెయ్యి దించకుండా అలాగే ఉంచాడు. దీపం మారింది. చెయ్యి దించి, హ్యాండిల్ పట్టుకుని, కుడికాలు పెడల్ మీద వేశాడు. వంగి చూసుకోలేదు. చూస్తుండగానే ఫ్లైఓవరు నీడలోకి వెళ్ళి, అవతల ఎండలోకి తేలాడు. మా బస్సు ఇంకా కదలలేదు.