డెమో క్లాసులో పన్నెండు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఒక రివాజుంది. మొదటి క్లాసు డెమో, ఉచితం. నచ్చితే మర్నాడు వచ్చి చేరతారు, నచ్చకపోతే పక్క సెంటర్ మెట్లెక్కుతారు. సీ లాంగ్వేజ్ చెప్పడానికి కొత్తగా వెళ్లిన నాకూ అది డెమోనే. "రేపు పదిమంది తిరిగొస్తే ఉద్యోగం మీది. లేకపోతే ఏమీ అనుకోకండి మాస్టారూ," అన్నారు సెంటర్ నడిపే బెజవాడాయన. ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను?

చేతిలో నేను చదువుకున్న నాటి జిరాక్సు నోట్సు. నా పరిజ్ఞానమూ జిరాక్సే, అక్కడక్కడా మసక. బోర్డు మీద ఒక స్ట్రక్చర్ రాశాను. రకరకాల డేటాని ఒకచోట కట్టిన మూట అన్నమాట: ఒక అక్షరం, ఒక సంఖ్య, మళ్లీ ఒక అక్షరం. "మెమరీలో అక్షరానికో బైటు చోటు, సంఖ్యకి రెండు. మొత్తం నాలుగు," అన్నాను, నోట్సులో ఉన్నట్టే. మూట సైజు చెప్పే ప్రోగ్రాం నడిపాను.

తెర మీద పన్నెండు.

మళ్లీ నడిపాను. మళ్లీ పన్నెండే. కంప్యూటర్‌కి మొహమాటం లేదు. అద్దాల తలుపు అవతల బెజవాడాయన నిలబడి చూస్తున్నారు. స్ట్రక్చర్ బోర్డు మీద బాగానే ఉంది, కూలుతున్నది నేనే.

ఎల్బీనగర్‌లో అక్క దగ్గర ఉంటున్న నల్గొండ అమ్మాయి లేచింది. "సార్, మీరు నాలుగంటిరి. గా మిషన్ పన్నెండంటుంది. ఎవర్ని నమ్మాలె?"

క్లాసంతా నవ్వింది.

"మిషన్నే నమ్మమ్మా. ఎందుకో నాకూ తెలీదు. ఏది ఎక్కడ పెట్టిందో దాన్నే అడుగుదాం."

మెమరీలో ఒక్కోదాని చిరునామా తెర మీదికి రప్పించాను. మూట మొదలునుంచి లెక్కిస్తే మొదటి అక్షరం సున్నాలో, సంఖ్య నాలుగులో, రెండో అక్షరం ఎనిమిదిలో. సంఖ్యకి ఇప్పుడు నాలుగు బైట్లు. నా నోట్సు పాత కంప్యూటర్ల నాటిది. అది సరే, మధ్యలో మూడు, చివర మూడు ఖాళీ ఎందుకు?

"సంఖ్య నాలుగో ఎక్కంల పడ్డకాడనే కూసుంటదా సార్?" అంది ఆ అమ్మాయి.

"మరి చివర?" అన్నారెవరో.

"గిసొంటి మూటలు వరుసగ పెడితే, ఎనుకదాని సంఖ్య గూడ ఎక్కంలనే పడాలె కద!"

రెండు అక్షరాల్నీ ముందుకి జరిపి చూశాం. మొత్తం ఎనిమిదికి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఆ అమ్మాయికి. తలుపు దగ్గర బెజవాడాయన లేరు. ఆ పన్నెండు చూసే వెళ్లిపోయారేమో!

మర్నాడు అరగంట ముందే వెళ్లి కూర్చున్నాను. తొమ్మిదిమంది వచ్చారు. ఆ అమ్మాయి లేదు. బెజవాడాయన గడియారం చూశారు. నేను నేల చూశాను.

పావుగంటకి మెట్లమీంచే వినిపించింది. "బస్సు దొరకలే సార్! జర ఒకటి చెప్పుర్రి, గా ఖాళీ బైట్లల్ల ఏముంటది?"

"పది," అన్నారు బెజవాడాయన. కుర్చీ లాక్కుని మొదటి వరుసలో కూర్చున్నారు. "చెప్పండి మాస్టారూ, ఏముంటుంది?"