హెడ్డుగారు అడక్కుండా పంపిన పిల్ల

మా పక్కింటి హెడ్డుగారు పోయారని బందరు నుంచి అమ్మ కార్డు రాసింది. గుడివాడలో పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతూ చదివి, గడప మీదే కూర్చుండిపోయాను. పోలీసు హెడ్ కానిస్టేబులు పోతే ఏడ్చేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఆయన మా ఇంటికొస్తే టోపీ లోపలికి తెచ్చేవారు కాదు. అరుగు మీద కొక్కేనికి తగిలించి, "దొరగారిని బయటే కూర్చోబెట్టానండీ" అనేవారు.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం ఎనిమిదేళ్ళ పిల్లని వెంటబెట్టుకొచ్చారు. ఆ పిల్లని అమ్మెయ్యడానికి రైలెక్కిస్తున్న ఆడమనిషిని స్టేషన్లో పట్టుకున్నారట.

"కొత్త పరికిణీ కట్టారు గాని తలకి చుక్క నూనె లేదండీ. కన్నతల్లి అలా బయల్దేరదీస్తుందా?" అన్నారు అమ్మతో.

ఠాణాలో ఆడవాళ్ళెవరూ లేరు గనక పిల్ల మా ఇంట్లోనే ఉంది. అమ్మ తలంటి జడ వేసింది. ఆ పిల్ల నోరు విప్పేది కాదు. నా ఓణీ కొస పట్టుకుని ఇల్లంతా తిరిగేది.

నాలుగో రోజు, మేనమామనంటూ దివిసీమ నుంచి ఒకడొచ్చాడు. నిజమేనని గ్రామ మునసబు రాసిచ్చిన కాగితం తెచ్చాడు. హెడ్డుగారు దాన్ని రెండుసార్లు చదివారు. వంటింటి తలుపు వెనక నక్కిన పిల్లని మాత్రం ఒక్క మాటైనా అడగలేదు.

"పిల్ల బయటికి రావడం లేదు కదండీ" అంది అమ్మ.

"బెదిరిందిలెండమ్మా. మునసబు గారి కాయితం కాదంటే నా ఉద్యోగం ఏం కాను?"

పిల్ల వెళ్తూ నా వంక చూసింది. నేనూ ఏమీ అనలేదు.

మనసొప్పక, వారం తిరక్కుండా ఆయన సైకిలేసుకుని, రేవు దాటి ఆ ఊరు వెళ్లారు. పిల్ల అక్కడికి చేరనేలేదు. ఎవరో పెద్దమనిషి చెప్పాడని మునసబు చూడకుండానే సంతకం పెట్టాడట. బంధువుకి అప్పగించారు గదా అని పై అధికారులు కేసు మూసేశారు.

"నా చేత్తో నేనే పంపించానమ్మా" అంటూ మా అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. అమ్మ మజ్జిగ ఇస్తే తాగలేదు.

తర్వాత ఎన్నేళ్ళో సెలవు దొరికితే స్టేషన్‌కి వెళ్లి, దిగే పిల్లల్నీ ఎక్కే పిల్లల్నీ చూస్తుండేవారు. ఆ పిల్ల దొరకలేదు. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రావడం లేదు.

పోయిన వేసవిలో మా నాలుగేళ్ళ అమ్మాయిని తీసుకుని ఆయన్ని చూడబోయాను. మంచం పట్టి ఉన్నారు. నన్ను గుర్తుపట్టలేదు. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, నన్ను చూపించి, "ఈవిడ నీకేమవుతారమ్మా?" అని అడిగారు.

"నా కూతురేనండీ" అన్నాను.

"మీరాగండి. పిల్లని చెప్పనివ్వండి" అన్నారు.

మా అమ్మాయి సిగ్గుపడి తల దించుకుంది. ఎంతకీ చెప్పదు. ఆయన పిల్ల చెయ్యి వదల్లేదు.