ఇరవై ఎనిమిది మీటర్ల పడవ

ఎనిమిదేళ్లుగా ఒక అంకె నా గుండె మీద కూర్చుని ఉంది. ఎంత బరువని అడగకండి. కొలతల విషయంలో నా మాట నమ్మకూడదు. ఇది ఎవరికీ చెప్పలేదు. మీరు నా ముఖం చూడరు కాబట్టి మీకు చెబుతున్నాను.

విడవలూరు వైపు సముద్రపు ఒడ్డున మా ఊరు. డిగ్రీ చదివాను కాబట్టి అందరి ఫారాలూ నేనే నింపేవాణ్ణి. మావాళ్లు పడవ పొడవు అడుగుల్లో చెబుతారు. ఫారం మీటర్లలో అడుగుతుంది. రమణయ్యన్న తన ఫైబరు పడవ ఇరవై ఎనిమిదన్నాడు. ఇరవై ఎనిమిదే రాశాను. మూడుతో భాగించడం రాక కాదు. ఏదో జోకు చెబుతూ రాస్తున్నాను, అందరూ నవ్వుతున్నారు.

మరుసటి ఏడాది రమణయ్యన్న, అతని తమ్ముడు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. వెతికే కోస్టుగార్డు వాళ్లకు ఆ ఫారం నకలే పంపాను. మూడో రోజు మధ్యాహ్నం వాళ్ల దగ్గర్నుంచి ఫోను వచ్చింది. రమణయ్యన్న భార్య సుబ్బమ్మక్క నా పక్కనే ఉంది. ఆమె వెనక సగం ఊరు.

"మీరు చెప్పిన పెద్ద బోటు కనబడలేదండీ. చిన్న ఫైబరు పడవ ఒకటి కనిపించింది, ఎనిమిది తొమ్మిది మీటర్లుంటుంది. ఇద్దరున్నారు, మా విమానానికి చేతులు కూడా ఊపారు. అది మీది కాదు కదా?"

నాకు అప్పుడే అర్థమైంది. అంతా, ఒక్కసారిగా.

"కాదు సార్" అన్నాను.

"ఏందంట నాయనా?" అంది అక్క, నా మోచెయ్యి పట్టుకుని.

"పెద్ద బోటేదీ కనపళ్ళేదంటక్కా."

అబద్ధం కాదు. చదువుకున్నవాళ్లం అబద్ధాలు అంత సులువుగా ఆడం.

ఎందుకలా అన్నాను? అంతమంది ముందు తప్పు రాశానని చెప్పలేకనా? ఇంటికి వెళ్లి, తలుపు వేసుకుని, ఒంటరిగా ఫోను చేసి సరిదిద్దుకుందామనుకున్నాను. సరిదిద్దాను కూడా, గంట తరువాత. అప్పటికి మబ్బు కమ్మింది. విమానం మళ్లీ వెళ్లింది గానీ, ఆ చోట ఏమీ లేదు. మర్నాడు పడవ దొరికింది, బోర్లా. అన్నదమ్ములు దొరకలేదు.

"ఆ మూడు దినాలూ నువ్వు ఫోను వదల్లేదు నాయనా" అంటుంది అక్క ఇప్పటికీ, నేను కనిపించినప్పుడల్లా. తల ఊపుతాను. ఊరంతా సముద్రాన్ని తిడుతుంది. ఆ గంట మాత్రం సముద్రానిది కాదు.

చెప్పవలసిన మనిషి మూడిళ్ల అవతల ఉంది. ఆమెకు చెప్పకుండా మీకు చెబుతున్నాను. చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆడకూడదేమో.