ఎలీసమ్మ టీచరుగారి బత్తాయి వరుగులు

ఎలీసమ్మ టీచరుగారికి పండు కనబడితే తినబుద్ధి కాదు, కోసి ఎండబెట్టబుద్ధవుతుంది.

మనం వంకాయలు, మామిడికాయలు వరుగులు పెట్టుకుంటాం. ఆవిడ బత్తాయిలు పెట్టేది. చక్రాల్లా కోసి, చాప మీద పరిచి, ఎండాక దారానికి గుచ్చి, మధ్యమధ్య పత్తికాయ డిప్పలు చేర్చి, క్రిస్మస్‌కి ఇంటికీ చర్చికీ తోరణాలు కట్టేది. గుంటూరు నుంచి రంగుకాగితాలు దిగుతున్న రోజుల్లో కూడా "కాగితం మిల్లువాడు చేశాడు, పండు దేవుడు చేశాడు" అనేది. ఎదురు చెప్పే మగాడు వినుకొండలో లేడు. సగం ఊరికి ఓనమాలు దిద్దించింది ఆవిడే.

ఎనభైల్లో మేము ఆవిడ పక్కవాటాలో అద్దెకుండేవాళ్ళం. డాబా మాత్రం ఒక్కటే. ఒక సగం మా ఆవిడ సీతారత్నం వడియాలది, రెండో సగం టీచరుగారి బత్తాయిలది. కాకుల కాపలా ఉమ్మడి.

"అయ్యో, మళ్ళీ వడియం ఎత్తుకుపోయిందండీ!" అని సీతారత్నం కేక పెట్టేది.

"నా బత్తాయిల్ని ఏ కాకీ ముట్టదమ్మాయ్" అనేది టీచరుగారు గర్వంగా.

ఎలా ముడుతుంది? అవి ఎండి నల్లగా, ముడుచుకుపోయి ఉండేవి. కాకులు వాటిని చూసి తమవాళ్ళే అనుకుని ఊరుకునేవేమో.

అంత నల్లబడటానికి కారణం కరీమున్ బుట్ట. కరీమున్ బస్టాండులో పళ్ళమ్మేది. సాయంత్రం ఇంటికి పోతూ మా వీధి మీదుగా వచ్చేది.

"వాడినవేమన్నా మిగిలాయా కరీమున్?"

"మంచియి కూడా ఉన్నాయి టీచరమ్మా, ఇయి తీసుకో."

"ఛీ, మంచివి ఎవరిక్కావాలి? అలంకారానికి వాడినవే బాగుంటాయి."

బుట్ట ఖాళీ అయ్యేది. కరీమున్ నవ్వుకుంటూ పోయేది. నేనూ ఒకసారి ధైర్యం చేశాను.

"తాజావి కోస్తే రంగు నిలుస్తుందేమోనండీ."

"మాస్టారూ, మీరు లెక్కలు చెప్పుకోండి" అంది. చెప్పుకున్నాను.

ఇలా ఉండగా ఒక ఏడు వానలకి బత్తాయిలు పాడైపోయాయి. కరీమున్ బుట్టలో నిమ్మకాయలు తప్ప ఏమీ లేవు. టీచరుగారు వాడిన నిమ్మకాయలన్నీ కొనేసింది. అవి గట్టిపడి కత్తికి లొంగలేదు. సరే, కాయలు కాయలుగానే గుచ్చింది. ఎరుపు లేక బోసిగా ఉందని మధ్యలో ఎండుమిరపకాయలు గుచ్చింది. గుమ్మానికి కట్టి, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయింది.

సీతారత్నం చూసి బుగ్గ నొక్కుకుంది. "ఇదేంటండీ టీచరుగారూ, మీరు కూడా దిష్టి కడతారా?"

"దిష్టేంటమ్మాయ్? అలంకారం!"

మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. సాయంత్రానికి చర్చి సంఘపెద్ద జక్రయ్య దిగాడు. ఆవిడ దగ్గర గోడకుర్చీ వేసినవాడే.

"వందనాలు టీచరమ్మా. గుమ్మానికి ఏంటిది?"

"వందనాలు. తోరణం."

"నిమ్మకాయా మిరపకాయా కలిపి కడితే తోరణం అనరమ్మా. లారీలకి కడతారు."

"అయితే లారీవాళ్ళకి అలంకారం తెలుసన్నమాట."

జక్రయ్య తల పట్టుకున్నాడు. "ఇది చర్చికి కడితే జనం మన మొహాన ఉమ్మేస్తారు. బత్తాయిలు కట్టండి, ఎవరన్నా కాదన్నారా? నిమ్మకాయలే అంటే మాత్రం ఈసారి కుర్రాళ్ళు రంగుకాగితాలు కడతారు."

"ఈ ఏడు నిమ్మకాయలే."

"అదే, ఎందుకని?"

"నా ఇష్టం."

జక్రయ్య వెళ్ళిపోయాడు. ఆవిడ పెళ్ళికాక ముందునుంచీ ఆ చర్చికి ఆవిడ తోరణం లేకుండా క్రిస్మస్ జరగలేదు. ఆ పూట ఆవిడ పొయ్యి వెలిగించలేదని సీతారత్నం చెప్పింది. నాకు పాపం అనిపించింది. పనిమీద విజయవాడ వెళ్ళినప్పుడు ఎక్కడెక్కడో వెతికి నాలుగు తాజా బత్తాయిలు తెచ్చి చేతిలో పెట్టాను.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పలచగా కోసి, గుడ్డతో తడి అద్ది, పూటపూటా తిప్పి ఎండబెట్టింది. మూడు ఎండలకి తేనెరంగులో మెరిసిపోయాయి.

"చూశారా, నే చెప్పలేదూ? తాజావైతే ఎంత బాగా ఎండాయో!"

"తెలియక కాదు మాస్టారూ. వాడినవి నల్లబడతాయని నాకు చిన్నప్పుడే తెలుసు."

"మరి ఇన్నేళ్ళూ..."

"మంచివి ఎవరన్నా కొంటారు. వాడినవి మిగిలితే ఆ పిల్ల చీకటిపడ్డా బస్టాండులోనే కూర్చుంటుంది. ఊరికే ఇస్తే పుచ్చుకునే రకం కాదు. ఈ సంగతి బయటికి పొక్కిందో, మీ వడియాలకి నా కాపలా లేనట్టే!"

మాటిచ్చాను. మాట మీద నిలబడ్డాను, మర్నాటి పొద్దుటిదాకా.

జక్రయ్య అంతా విన్నాడు. తర్వాత కండువాతో మొహం తుడుచుకుని తిన్నగా టీచరుగారి గుమ్మంలోకి వచ్చాడు.

"టీచరమ్మా, ఆలోచించాను. రెండూ కలిస్తేనే కదా దిష్టి? నిమ్మకాయలు కిటికీలకి కట్టండి. మిరపకాయలతో నక్షత్రం చెయ్యండి. విడివిడిగా ఉంటే ఎవడేమంటాడు?"

"నీకు బుర్ర ఉందని అప్పుడే అనుకున్నాన్రా జక్రయ్యా" అంది ఆవిడ. ఆ రాత్రి మా ఇంట్లో మూడుసార్లు కూర వేయించుకుంది.

క్రిస్మస్ రోజు మేమూ వెళ్ళాం. మిరపకాయల నక్షత్రం నిప్పులా వెలిగిపోతోంది. అది సరిగ్గా ఫ్యాను కింద కట్టారు. పాస్టరయ్యగారు ప్రసంగం మొదలుపెట్టి తుమ్మారు. ముందువరస తుమ్మింది. ఆమెన్ దగ్గరికి వచ్చేసరికి సంఘమంతా ఏకకంఠంతో తుమ్మింది. జక్రయ్య మాత్రం కళ్ళనీళ్ళు కారుతున్నా "బ్రహ్మాండం" అన్నాడు.

బత్తాయిలు మళ్ళీ వచ్చాక ఒక మిట్టమధ్యాహ్నం బస్టాండు మీదుగా పోతున్నాను. కరీమున్ గోతాం పరిచి, నవనవలాడే బత్తాయిలు ఎండలో పెట్టి కూర్చుంది.

"ఇదేంటి కరీమున్? మంచి కాయలు వాడిపోవూ?"

"వాడాలనే పెట్టా సార్. టీచరమ్మ వాడినయ్యే అడుగుద్ది గదా? రోజూ వాడినయ్యి ఎక్కణ్ణుంచొస్తయ్? మంచియి మొత్తం అమ్ముడైపోతన్నయ్. పాపం పెద్దావిడ, లేవంటే చిన్నబుచ్చుకుంటదని నాలుగు పక్కనబెట్టి ఇట్టా వాడగొడతా. ఆవిడకి చెప్పమాకండి సార్."

మాటిచ్చాను. ఈసారి నిజంగానే ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు క్రిస్మస్‌కి కూడా తోరణాలు కాకిరంగులోనే ఉన్నాయి.