వెనక చక్రానికి ఎన్ని పళ్లు?

మోటారు సైకిళ్ల మేస్త్రీ పోయాడని నాకు టీ కొట్టు దగ్గర తెలిసింది. చెప్పినవాడు నవ్వుతూ చెప్పాడు. "ఏం పెద్దాయనా, నీ పగవాడు పోయాడంటగా! ఇక నీకు హాయిలే" అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాను. పదిహేడేళ్లుగా నాకు ఒక్క మాట చెప్పాల్సిన మనిషి, అది చెప్పకుండా పోయాడు. ఇందులో హాయి ఎక్కడుంది?

పత్రికవాళ్లు వచ్చి మేస్త్రీ గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. నేను మూడో తరగతితో బడి మానినవాణ్ణి. ఉత్తరం రాయడమే గగనం. అయినా ఇది ఇంకొకరి చేత రాయించేది కాదు కాబట్టి నేనే రాస్తున్నాను. మంచి మాటలే కావాలంటే సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ చదువుకోండి. "చేతిలో మంత్రం ఉన్న మేస్త్రీ" అని రాశారు. కింద పదకొండు మంది తమ ఫోటోలు వేసుకున్నారు. వాళ్లలో సగం మంది ఆ షెడ్డు గడప తొక్కి పదేళ్లయింది. మంత్రమంట! ఆయన దగ్గర మంత్రం లేదు, కాటా ఉంది. ముందు చక్రాన్ని ఒకసారి, వెనక చక్రాన్ని ఒకసారి కాటా మీద పెట్టి తూచేవాడు. అది తెలియనివాడు ఆయన గురించి రాయకూడదు.

ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. అద్దంకి రోడ్డులో పత్తి మిల్లు గోడను ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు ఆయనది. వాళ్ల నాన్న ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకిన మనిషి. ఆ దూదేకే విల్లు షెడ్డు దూలానికి ఒక్క తాడు మీద వేలాడుతూ ఉండేది. మనిషి పొడవు ఉంటుంది, అయినా ఎటూ ఒరగదు. షెడ్డుకు వచ్చినవాళ్లు దాన్ని చూసి ఏదో ఒకటి అడిగేవాళ్లు. ఆయన ఒకటే చెప్పేవాడు: "దీన్ని మా నాన్న ఒంటి వేలి మీద నిలబెట్టేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో వెతుక్కోవడమే పని. బండికైనా అంతే."

నేను మిరప రైతుని. చేను డొంక అవతల ఉంటుంది. ఎండిన కాయని టిక్కీలకు, అంటే గోతాలకు తొక్కి, రెండేసి టిక్కీలు బండి వెనక కట్టుకుని నల్లరేగడిలో పడి రోడ్డు ఎక్కేవాణ్ణి. రోజుకొకసారి డొంక మలుపులో పడేవాణ్ణి. హ్యాండిల్ ఎటు తిప్పినా బండి దాని ఇష్టం వచ్చినట్టు పోయేది. బండి పాతదైపోయిందనుకుని, మార్చే ముందు ఒకసారి చూపిద్దామని షెడ్డుకు తీసుకెళ్లాను.

మేస్త్రీ ఇంజిను జోలికే పోలేదు. మిల్లులోంచి కాటా లాక్కొచ్చి, రెండు టిక్కీలూ కట్టించి, నన్ను ఎక్కి కూర్చోమన్నాడు. ముందు చక్రం మీద ఒక టిక్కీ బరువు కూడా లేదు. వెనక చక్రం మీద ఐదు టిక్కీల పైమాటే.

"అన్నాయ్, నీ ముందు చక్రం నేలమీద లేదు. ఊరికే తోడు వస్తంది, అంతే. దాన్ని తిప్పితే బండెందుకు తిరుగుద్ది?" అన్నాడు.

"మరి టిక్కీలు నెత్తిన పెట్టుకోమంటావా?"

"నెత్తి మీద పెడితే ఇంకా తొందరగా పడతావు. కిందకి దించు, ముందుకి తీసుకురా."

ఒక టిక్కీని రెండు చిన్న సంచుల్లోకి సర్ది, గాడిద మీద మూటల్లాగా ట్యాంకుకి రెండువైపులా దించి కట్టాడు. రెండోదాన్ని నా వీపుకి తగిలేట్టు జరిపాడు. ఆ సీజనంతా నేను డొంక మలుపులో పడలేదు. అంతకు ముందు నాకు బండి తోలడం వచ్చనుకునేవాణ్ణి. రాదని నా మొహాన చెప్పింది ఆయనొక్కడే. అందుకే రోజూ షెడ్డుకు పోయి కూర్చోవడం మొదలుపెట్టాను.

ఆయనకి కొన్ని అలవాట్లుండేవి. బండి రాగానే రోగం అడగడు. సీటు మీద అరచేత్తో రెండుసార్లు గట్టిగా చరుస్తాడు, లేచే తీరు చూస్తాడు. గ్రీజు చేతులకు సబ్బు వాడడు, తవుడుతో రుద్దుకుంటాడు. టీ సాసర్లో పోసుకునే తాగుతాడు. శుక్రవారం మధ్యాహ్నం ఎవరి బండి విప్పి ఉన్నా సరే, టోపీ పెట్టుకుని మసీదుకి పోతాడు. ఇంకో అలవాటు కూడా ఉంది. స్ప్రాకెట్‌కి, అంటే వెనక చైను తిరిగే పళ్ల చక్రానికి, పళ్లు లెక్కపెట్టేటప్పుడు, మొదటి పన్ను మీద పసుపు రంగు చుక్క పెడతాడు. లేకపోతే ఎక్కడ మొదలుపెట్టామో తెలియక తిప్పిందే తిప్పుతూ ఉంటామంటాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఆ రోజుల్లో ఎడ్ల పందేల మూడో రోజున, పత్తికట్టె పీకిన చేలో మోటారు సైకిళ్ల పందెం పెట్టేవాళ్లు. గుంటలు, గట్లు, మోకాలి లోతు బురద. తోలేవాళ్లంతా పాతికేళ్ల వాళ్లు. నాకు యాభై అయిదు. "ముసలాళ్లు గట్టు మీద కూర్చుని చూడండి" అని ఒకడన్నాడు. ఆ మాట మీద పేరిచ్చాను. మేస్త్రీ ఒక పాత బండిని విప్పి, బరువు తగ్గించి, మట్టి కోసం తయారుచేశాడు.

ఎనిమిది రోజులు చేలో నాతో తోలించాడు. ఏళ్ల తరబడి టిక్కీలు మోసినవాణ్ణి గదా, ఎక్కగానే ఒళ్లు దానంతటదే ట్యాంకు మీదికి వంగేది. వెనక బరువున్నప్పుడు అది మంచిదే. బరువు లేనప్పుడు అలా వంగితే వెనక చక్రం మట్టిని పట్టదు. తిరుగుతూ కూర్చున్నచోటే గొయ్యి తవ్వుకుంటుంది. ఆయన లుంగీ ఎగ్గట్టి నా వెనకే పరిగెత్తుతూ అరిచేవాడు.

"వెనక్కి అన్నాయ్, వెనక్కి! నీ వెనక టిక్కీ లేదు, నువ్వే టిక్కీవి!"

ఎనిమిదో రోజుకి వెనక్కి కూర్చోవడం వచ్చింది. పందెం ముందు రోజు సాయంత్రం జల్లు పడింది. షెడ్డు గోడకు రెండు వెనక చక్రాలు ఆనించి ఉన్నాయి. ఒకదాని స్ప్రాకెట్‌కి నలభై రెండు పళ్లు, రెండోదానికి నలభై ఎనిమిది.

"ఈ ఎనిమిది రోజులు నువ్వు తోలింది నలభై రెండు. దానికి పరుగెక్కువ, లాగుడు తక్కువ. మట్టి బరువెక్కితే నలభై ఎనిమిది వెయ్యాలి. అది గట్టిగా లాగుద్ది. కానీ ఎక్సలేటరు చిటికెడు తిప్పితే మూరెడు దూకుద్ది. పైగా చైను అదే కాబట్టి చక్రం ముందుకి జరగాలి, బండి పొట్టిదవుద్ది, ముందు తేలికైపోద్ది. అది వేసిన రోజు నేను నేర్పిందంతా మర్చిపో. ముందుకి వంగు" అన్నాడు.

"ఏది వేస్తావ్ మరి?"

"తెల్లారి మట్టి చూసి వేస్తా. ఏది వేశానో చెప్తాలే."

చెప్పలేదు. అదీ నా గొడవ. పొద్దున బండి తెచ్చి ఇచ్చాడు, సీటు మీద రెండుసార్లు చరిచాడు, "పో అన్నాయ్" అన్నాడు. చెప్పలేదు కాబట్టి మార్చలేదనుకున్నాను. నేర్పినట్టే వెనక్కి కూర్చున్నాను. మొదటి గట్టు దగ్గర ఎక్సలేటరు తిప్పాను. ముందు చక్రం ఆకాశంలోకి లేచింది. దిగలేదు. నేను వెల్లకిలా పడ్డాను, బండి నా మీద పడింది. ఎడం తుంటి విరిగింది.

బురదలో పడుకునే అడిగాను. "ఏది వేశావు మేస్త్రీ?"

ఆయన నా వైపు చూడలేదు. చుట్టూ మూగిన జనం వైపు చూశాడు. "నలభై రెండే. మార్చలేదు. బండిలో తేడా లేదు" అన్నాడు, అందరికీ వినపడేట్టు.

అంటే తేడా నాలో ఉందని. ఆ పూటే మీరు నాకు వెల్లకిలాయన అని పేరు పెట్టారు. నా మనవరాలి పెళ్లిలో వడ్డన దగ్గర కూడా "వెల్లకిలాయనకి నెయ్యి వెయ్యండిరా" అన్నారు. నవ్వినవాళ్ల పేర్లు నాకు గుర్తున్నాయి.

ఆ రోజు నుంచి ఆయనతో మాట మానేశాను. రెండో చక్రాన్ని ఆ వారమే ఎవరి బండికో వేసి పంపేశాడని విన్నాను. పందెం బండిని మాత్రం బురద కూడా కడగకుండా షెడ్డు మూలన పెట్టి పట్టా కప్పాడు. బాగుచేయలేదు, అమ్మలేదు.

మాటలు లేకపోయినా నా బండికి ఇంకో మేస్త్రీ చెయ్యి పడలేదు. బావమరిదితో పంపించేవాణ్ణి. ఒకసారి ఆయిలు మార్చమని పంపితే, గేరు రాడ్డు మార్చి పంపాడు. తుంటి దెబ్బతో నా ఎడం పాదం సరిగా వంగదు. కాలి వేళ్లతో పైకి ఎత్తాల్సిన పని లేకుండా, మడమతో తొక్కితే గేరు పడేట్టు చేశాడు. నేను అడగలేదు. "ఎవడు చెప్పాడురా ఈయనకి నా కాలు సంగతి?" అని బావమరిది మీద ఎగిరాను.

"ఎవరూ చెప్పలా బావా. నువ్వు రోడ్డు మీద పోతంటే చూశాడంట" అన్నాడు.

తీయించేద్దామనుకున్నాను. తీయించలేదు. ఇవాళ పొద్దున కూడా దాన్నే తొక్కి చేనుకు పోయి వచ్చాను.

నాలుగేళ్ల కిందట ఒక శుక్రవారం, ఆయన మసీదుకి పోయే వేళ చూసుకుని షెడ్డుకు వెళ్లాను. నేరుగా మూలకి పోయి పట్టా ఎత్తాను. చైను మీద ఆనాటి బురద రాయిలా ఎండి ఉంది. స్ప్రాకెట్ మీద మాత్రం ఒక పన్ను శుభ్రంగా తుడిచి ఉంది. దాని మీద పసుపు రంగు చుక్క ఉంది.

వెనక నుంచి మాట వినిపించింది. "లెక్కపెట్టుకో అన్నాయ్."

టోపీ కోసం వెనక్కి వచ్చినట్టున్నాడు. పదమూడేళ్ల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"నువ్వు పెట్టావా?" అన్నాను.

తవుడు డబ్బా దగ్గర నిలబడి, శుభ్రంగా ఉన్న చేతుల్నే రుద్దుకుంటూ ఉన్నాడు. నేను పట్టా దించేసి బయటికొచ్చాను.

ఎందుకు లెక్కపెట్టలేదని అడుగుతారు. ఇది ఇంతవరకు నా పెళ్లానికి కూడా చెప్పలేదు. పందెం రోజు సీటు మీద కూర్చోగానే ఏదో తేడాగా ఉందని నా ఒంటికి తెలిసింది. "మార్చావా?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే ముసలాడు భయపడ్డాడంటారని అడగలేదు. పట్టా కింద నలభై రెండు పళ్లుంటే, ఆ తేడా నా భయమే, పడింది నా చేతగానితనమే. నలభై ఎనిమిది ఉంటే, తెలిసి కూడా నోరు మూసుకుని వెనక్కి కూర్చున్నది నేనే. ఎటు చూసినా తప్పు నాకు కొంత తగులుతుంది. ఆయనకెంత తగులుతుందో తెలియాలి. ఆ చుక్క పెట్టి చివరిదాకా లెక్కపెట్టాడా, నాలాగే లెక్కపెట్టకుండా వదిలేశాడా? తెలిసే పదిహేడేళ్లు నోరు విప్పలేదా, తెలుసుకోవడానికి భయపడ్డాడా? ఇది ఆయనే చెప్పాలి. చెప్పకుండా పోయాడు.

మొన్న పరామర్శకు వెళ్లాను. మేస్త్రీ కూతురు కుర్చీ వేసింది.

"పెదనాన్నా, నలభయ్యో రోజు అవగానే షెడ్డు ఖాళీ చేయాలంటున్నారు మా ఆయన. పాత ఇనుము వాళ్లు చూసి వెళ్లారు" అంది.

"పట్టా కింద బండో?"

"అది కూడా. నాన్న దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఎందుకని అడిగితే, దాని సొంతదారుడు వస్తాడు, ఆయనే విప్పాలనేవాడు. నాన్న కొన్న బండికి వేరే సొంతదారుడెవరు పెదనాన్నా?"

నేను లేచి వచ్చాను.

కాబట్టి అమ్మా, నీకూ, నీ మొగుడికీ, ఫ్లెక్సీ కట్టిన పదకొండు మందికీ, నాకు పేరు పెట్టిన ఊరికీ ఒకటే చెబుతున్నాను. వచ్చే శుక్రవారం నలభయ్యో రోజు. ఆ రోజు మధ్యాహ్నం నమాజు అయ్యేలోపు ఆ బండి షెడ్డు దాటడానికి వీల్లేదు. నమాజు కాగానే పట్టా తీయండి. అందరి ముందు పళ్లు లెక్కపెట్టండి. నలభై రెండైతే, ఆయన సమాధి దగ్గరికి నా కాళ్ల మీద నడిచిపోయి తప్పు నాదని చెప్పి వస్తాను. నలభై ఎనిమిదైతే, నా పేరు నాకు తిరిగి ఇచ్చేయండి. ఆయన్ని మాత్రం ఎవడూ ఒక్క మాట అనడానికి వీల్లేదు. ఆ మాట అనాల్సింది నేను, అనేది లేనిది నా ఇష్టం.

శుక్రవారం దాటితే నేను ఊరుకోను. షెడ్డు ముందు బండి అడ్డం పెట్టి కూర్చుంటాను.

నన్ను లెక్కపెట్టమనకండి. మేస్త్రీ కూతురే పెట్టాలి. పసుపు చుక్క మీద వేలు పెట్టి, అక్కడ మొదలుపెట్టి, చక్రం మెల్లగా తిప్పుతూ, మళ్లీ ఆ చుక్క దగ్గరికి వచ్చేదాకా ఆగొద్దు. గట్టిగా లెక్కపెట్టమ్మా. నాకు కుడి చెవి సరిగా వినపడదు.